పిల్లులకు ఆశ ఉండదు

‘మందులు లేకుండా మెదడుకే శిక్షణ’ అనే ప్రకటన ఈ వారం మళ్ళీ కంటబడింది. చదువు మీద ధ్యాస నిలవని పిల్లలకు, నిద్రపట్టని పెద్దలకు, ఆందోళనతో సతమతమయ్యేవారికి అందరికీ ఒకటే యంత్రం, ఒకటే హామీ. ఈ కాలమ్‌ను మొదటినుంచీ చదువుతున్నవారికి నా పాత పట్టుదల తెలుసు: ఎంత మేలు జరిగిందో చెప్పేముందు, ఆ మేలును కొలిచిందెవరో చెప్పాలి. లేహ్యాల విషయంలోనూ, కోచింగ్ సెంటర్ల ర్యాంకుల విషయంలోనూ ఇదే అడుగుతూ వచ్చాను. ఆ ప్రకటనలోని న్యూరోఫీడ్‌బ్యాక్‌ను వేరే తూకంలో తూచడానికి కారణం కనిపించదు. అయితే ఈసారి ఆ ప్రశ్న నేననుకున్న చోట ఆగలేదు.

పద్ధతి తెలుసుకోకుండా విమర్శించడం అన్యాయం కనుక ముందు అది చెప్పాలి. తలమీద పేస్టు రాసి ఎలక్ట్రోడ్లు అంటిస్తారు. మెదడు పైపొరలోని లక్షలాది నాడీకణాలు ఒకే లయలో పనిచేసినప్పుడు పుట్టే విద్యుత్తు, పుర్రె దాటి బయటికొచ్చేసరికి మైక్రోవోల్టుల్లో మిగులుతుంది. జర్మనీలోని యేనాలో హాన్స్ బెర్గర్ 1924లో దాన్ని మొదటిసారి మనిషి తలమీద నమోదు చేసి, ఏళ్ళ తరబడి తటపటాయించి 1929లో ప్రచురించాడు. ఆ గీతల్లోంచి కంప్యూటర్ రకరకాల తరంగాలను విడదీస్తుంది. సెకనుకు నాలుగు నుంచి ఎనిమిది సార్లు కదిలేవి తీటా, పదమూడు పైబడినవి బీటా. ఏడీహెచ్‌డీ (ధ్యాస, కుదురు నిలవని సమస్య) ఉన్న పిల్లల్లో బీటాతో పోలిస్తే తీటా ఎక్కువగా ఉంటుందన్నది ఈ చికిత్సలో బాగా వాడుకలో ఉన్న ఒక పద్ధతికి పునాది. ఆ నిష్పత్తి తగ్గితే తెరమీద బొమ్మ కారు ముందుకు పోతుంది, పెరిగితే ఆగుతుంది. ఎలా తగ్గించాలో పిల్లవాడికి ఎవరూ చెప్పలేరు. తంటాలు పడి వాడే కనుక్కోవాలి. కన్ను ఆర్పినా, పళ్ళు బిగించినా పుట్టే విద్యుత్తు మెదడు సంకేతాన్ని మించిపోతుంది కాబట్టి, కారును నడిపింది మెదడా, దవడా అన్న అనుమానం ఎప్పుడూ వెంట ఉంటుంది.

ఇదంతా మాయ అని కొట్టిపారేసేవారిని ఆపే సాక్ష్యం ఒకటుంది. నాకు ఈ రంగమంతటిలోనూ అత్యంత ఇష్టమైన ప్రయోగం అదే. 1960లలో లాస్ ఏంజెలెస్‌లో, కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన బారీ స్టెర్మన్ పిల్లుల నిద్ర మీద పనిచేస్తుండేవాడు. పిల్లి ఒళ్ళు కదల్చకుండా, అయినా పూర్తి మెలకువతో కాచుకుని ఉన్నప్పుడు, కదలికలను నడిపే మెదడు భాగం మీద సెకనుకు 12 నుంచి 15 సార్లు కదిలే ఒక లయ కనిపించేది. ఆ లయ వచ్చినప్పుడల్లా పాలూ మాంసరసమూ కలిపిన ఆహారం అందేలా ఏర్పాటు చేస్తే, పిల్లులు ఆ లయను కావాలని తెచ్చుకోవడం నేర్చాయి. అక్కడితో ఆగినా అది గొప్ప ఫలితమే. కానీ ఆ తర్వాత అమెరికా వైమానిక దళానికి వేరే అవసరం వచ్చింది. మోనోమిథైల్ హైడ్రజీన్ అనే రాకెట్ ఇంధనం మనుషులకు ఎంత ప్రమాదమో తేల్చాలి; అది ఒంట్లో చేరితే మూర్ఛలొస్తాయి. స్టెర్మన్ తన దగ్గరున్న పిల్లులకు ఆ రసాయనం ఎక్కించి చూశాడు. అంతకుముందు ఆ లయ నేర్చిన పిల్లులూ వాటిలో ఉన్నాయి. మామూలు పిల్లులు అనుకున్నట్టే మూర్ఛలో పడ్డాయి. నేర్చిన పిల్లులు మాత్రం చాలాసేపు తట్టుకున్నాయి. ఈ రెండు ప్రయోగాలనూ కలపాలని ముందుగా ఎవరూ అనుకోలేదు. పిల్లికి తాను చికిత్స పొందానని తెలియదు, నయమవుతుందన్న ఆశ దానికి ఉండదు, కొలిచేవాణ్ణి సంతోషపెట్టాలని అది చూడదు. మెదడు తన లయను తానే మార్చుకోగలదనీ, ఆ మార్పు శరీరంలో ఏదో ఒకచోట నిలబడుతుందనీ చెప్పడానికి ఇంతకంటే శుభ్రమైన సాక్ష్యం దొరకదు. ఆ జంతువులకు జరిగిన హింస వేరే సంగతి. ఈనాటి నైతిక సంఘాలు అలాంటి ప్రయోగానికి తేలిగ్గా ఒప్పుకోవు, ఒప్పుకోకూడదు కూడా.

చిక్కు ఆ తర్వాతి అడుగులో మొదలైంది. 1972లో స్టెర్మన్ మూర్ఛలున్న ఒక యువతికి ఇదే శిక్షణ ఇచ్చి మూర్ఛలు తగ్గాయని రాశాడు. టెనెసీ విశ్వవిద్యాలయంలో జోయెల్ లూబర్ 1976లో కుదురు లేని ఒక పిల్లవాడి మీద ప్రయత్నించాడు. మూర్ఛ వచ్చిందా లేదా అన్నది లెక్కపెట్టవచ్చు. పిల్లవాడి ధ్యాస మెరుగుపడిందా అన్నది ఎవరో ఒకరు చెప్పాలి. ఆ చెప్పేవారు చాలావరకు తల్లిదండ్రులే: వారాల తరబడి బిడ్డను తీసుకెళ్ళినవారు, డబ్బు కట్టినవారు, మేలు జరగాలని మనసారా కోరుకునేవారు. వాళ్ళు అబద్ధం చెబుతారని కాదు, ఆశ కంటిచూపునే మారుస్తుంది. 2009లో మార్టైన్ ఆర్న్స్ బృందం అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలను కలిపి చూసి, ధ్యాస విషయంలో ఫలితం పెద్దదేనంది. 2016లో శామ్యూల్ కోర్టీజీ బృందం యాదృచ్ఛికంగా గుంపులు చేసిన 13 ప్రయోగాలను తీసుకుని, చికిత్స సంగతి తెలియని వారు ఇచ్చిన అంచనాలను మాత్రమే విడిగా చూసింది. తల్లిదండ్రుల కళ్ళకు కనిపించిన మేలు అక్కడ గణాంకాలకు అందలేదు. 2024 డిసెంబరులో ‘జామా సైకియాట్రీ’లో వచ్చిన సమీక్ష 38 ప్రయోగాలు, 2,472 మంది దాకా వెళ్ళింది. విషయాన్ని గ్రహించే వేగంలో చిన్న మెరుగుదల తప్ప, ఏడీహెచ్‌డీ లక్షణాల్లో చెప్పుకోదగ్గ తేడా లేదని తేల్చింది. పునాది నమ్మకం సంగతీ అంతే. తీటా, బీటాల నిష్పత్తిని కొలిచే పరికరాన్ని రోగనిర్ధారణలో సాయంగా వాడటానికి అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2013లో అనుమతించింది. ఆ కొలతను నమ్ముకుని నిర్ధారించవద్దని ఆ దేశపు న్యూరాలజీ అకాడమీ 2016లో హెచ్చరించింది.

ఈ చికిత్స చేసేవారికి గట్టి జవాబే ఉంది. సరైన పిల్లలను ఎంచుకోలేదనీ, సరైన మోతాదు ఇవ్వలేదనీ, సరైన శిక్షణ కాదనీ వారంటారు. ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయానికి చెందిన యూజీన్ ఆర్నాల్డ్ సారథ్యంలో జరిగి 2021లో అచ్చయిన ప్రయోగం సరిగ్గా ఈ అభ్యంతరాలను ఎదుర్కోవడానికే కట్టినట్టుంటుంది. 7 నుంచి 10 ఏళ్ళ పిల్లలు 144 మంది. అందరికీ నిర్ధారణ పక్కాగా జరిగింది. అందరిలోనూ ఆ నిష్పత్తి 4.5కు తగ్గలేదు, అంటే ఈ చికిత్సకు అతికినట్టు సరిపోయేవారే. 38 సెషన్లు. కొందరికి తమ మెదడే కారును నడిపింది. మిగతావారికి వేరే పిల్లల మెదడు గీతలు ముందే నమోదు చేసి ఉంచినవి నడిపాయి; వాటిమీద ఈ పిల్లవాడి సొంత కదలికల జాడలు కలిపారు కాబట్టి తేడా పట్టడం కష్టం. ఎవరికి ఏది దక్కిందో పిల్లలకూ, తల్లిదండ్రులకూ, టీచర్లకూ తెలియదు. మొదటి గుంపులో 61 శాతం మంది బాగా మెరుగయ్యారు. రెండో గుంపులో 54 శాతం. ఆ తేడాను యాదృచ్ఛికం నుంచి విడదీయలేం. నిద్రలేమి విషయంలోనూ 2017లో సాల్జ్‌బర్గ్ పరిశోధకులకు ఇదే ఎదురైంది: అసలు శిక్షణ, నకిలీ శిక్షణ రెండూ ఒకే మేలు చేశాయి.

మందులు మాత్రం ఏం తక్కువ ఆశతో పనిచేస్తాయి అని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. కానీ ఏడీహెచ్‌డీకి వాడే మిథైల్‌ఫెనిడేట్ లాంటి మందులు ఉత్తుత్తి మాత్రల పక్కన నిలబడి గెలిచాయి. 2018లో ‘లాన్సెట్ సైకియాట్రీ’ 133 ప్రయోగాలను కలిపి, పిల్లలకు తొలి మందుగా దాన్నే ముందుంచింది. ఆకలి తగ్గడం, నిద్ర చెడడం నిజమే. ఆ భయంతోనే తల్లిదండ్రులు యంత్రం వైపు చూస్తారు, వారిని తప్పుపట్టలేం. దుష్ఫలితాలు లేవు కదా, పోయేదేముంది అన్న మాట మాత్రం ఒప్పుకోలేను. డబ్బు పోతుంది, సాయంత్రాలు పోతాయి. అన్నిటికంటే మించి, నిజంగా పనిచేసే సాయం ఆలస్యమవుతుంది. ఏడేళ్ళ పిల్లవాడికి ఒక ఏడాదంటే ఒక తరగతి, ఆ తరగతిలో నేర్వాల్సిన చదువు, తోటివారిలో దక్కాల్సిన చోటు.

ఇక్కడితో ఆపేస్తే నా పాత ప్రశ్న గెలిచినట్టే. కానీ ఆ 54 శాతం నన్ను వదలడం లేదు. వేరే పిల్లవాడి మెదడు నడిపిన కారును చూస్తూ కూర్చున్నవారిలో సగం మందికి పైగా మెరుగయ్యారు! ‘ప్లాసిబో’ అని ఒక్క మాటతో దాన్ని పక్కన పెట్టేస్తే మనం కూడా కొలవకుండా తీర్పు చెప్పినట్టే. అందులో కొంత, కాలం చేసిన పని: మరీ కష్టంగా ఉన్న రోజుల్లో వైద్యుడి దగ్గరికి వస్తారు, ఆ తర్వాత కొంత దానంతటదే సర్దుకుంటుంది. కొంత చూసేవారి ఆశ. కానీ రెండు గుంపులవారికీ నిద్ర గురించి, తిండి గురించి సలహాలిచ్చారు. 38 సార్లు ఒక పెద్దమనిషి ఆ పిల్లవాడి పక్కన కూర్చుని, వాడి ప్రయత్నాన్నే గమనిస్తూ, కుదిరినప్పుడల్లా మెచ్చుకున్నాడు. బడిలో రోజంతా ‘కుదురుగా కూర్చో’ అనే తిట్లు తినే పిల్లవాడికి, కుదురుగా కూర్చున్నందుకు బహుమతి దొరికిన చోటు అదొక్కటే కావచ్చు. మేలు యంత్రంలోంచి రాలేదన్నంత మాత్రాన ఆ గదిలోంచి రాలేదని కాదు. ఇంకో సంగతి కూడా ఒప్పుకోవాలి: తెరా, తీగలూ, మెదడు గీతలూ లేకపోతే ఏ తల్లిదండ్రులూ బిడ్డను 38 సార్లు తీసుకొచ్చేవారు కాదేమో. కాబట్టి యంత్రాన్ని మొత్తంగా పారేయాలనడానికి నేను వెనకాడుతున్నాను. మెదడు లయను సరిచేస్తుందన్న హామీతో దాన్ని అమ్మడం తప్పు. ఆ తప్పుకు సాకు లేదు. అది ఏ మేలుకు వాహనమైందో వెతకకుండా ఊరుకోవడమూ తప్పే.

ఆ వెతుకులాట మనకు అమెరికా కంటే ఎక్కువ అవసరం. 2015–16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం మానసిక సమస్యలున్నవారిలో, సమస్య రకాన్ని బట్టి, 70 నుంచి 92 శాతం మందికి చికిత్స అందడం లేదు. లక్ష మందికి ఒక్క సైకియాట్రిస్టు కూడా లేని దేశం మనది. మెదడుకు దెబ్బ తగిలినవారి మీద న్యూరోఫీడ్‌బ్యాక్‌ను పరీక్షించిన అనుభవం బెంగళూరు నిమ్హాన్స్‌కు ఇప్పటికే ఉంది. అలాంటి సంస్థ ఏడీహెచ్‌డీ పిల్లల మీద ప్రయోగం చేస్తే రెండు గుంపులు చాలవు, మూడోది కావాలి: తీగలుండవు, తెర ఉండదు, అన్నే సెషన్లు, అదే నిద్ర సలహా, అదే మెప్పు, శిక్షణ పొందిన ఒక మనిషి. మూడో గుంపు మొదటి రెండింటితో సమానంగా నిలిస్తే, ఆ శిక్షణను ప్రభుత్వ బడిలో టీచరుకు ఇవ్వవచ్చు. వెనకబడితే, యంత్రం దేనికి పనికొస్తుందో మొదటిసారి తెలుస్తుంది. అంచనాలు వేసేవారికి మాత్రం ఏ పిల్లవాడు ఏ గుంపులో ఉన్నాడో తెలియకూడదు.