ఇసకలో వల

నేను వల విసరడం నేర్చుకున్న ఏట్లో నీళ్ళు లేవు.

ప్రొద్దుటూరు పెన్నను ఎరిగినవాళ్ళకు ఇందులో వింతేమీ ఉండదు. నంది కొండల్లో పుట్టి, అనంతపురం జిల్లా అంతా తిరిగి మా దాకా వచ్చేసరికి ఏటికి ఓపిక అయిపోయేది. వానాకాలంలో ఎప్పుడో ఎర్రనీళ్ళు పారేవి, నాలుగు రోజులు జనం గట్టుమీద నిలబడి చూసేవాళ్ళు, తర్వాత మళ్ళీ ఇసకే. మా వీధి చివర బెస్త మామ ఒకాయన ఉండేవాడు. మాది మగ్గాల ఇల్లు, ఆయనది వలల ఇల్లు, అయినా నాకు ఆయన మామే. ఎండాకాలం సెలవుల్లో ఒక సాయంత్రం నన్ను ఏట్లోకి తీసుకుపోయి, ఇసకలో ఒక వంకర గీత గీసి, "ఇది గట్టు, అవతల నీళ్ళు, ఇసురు" అన్నాడు.

"నీళ్ళు వచ్చినాక నేర్పు మామా" అన్నాను.

"నీళ్ళుంటే నీ తప్పును నీళ్ళు దాచేస్తాయబ్బోడా. ఇసకలో అయితే వల యాడ ముడుచుకున్నదీ కండ్లకు కనపడతాది" అన్నాడు.

విసురువలను మా వైపు ఇసురువల అంటారు. శిఖరం పట్టుకుని వేలాడదీస్తే గోపురంలా ఉంటుంది, నేలమీద పరిస్తే గుండ్రంగా చాపలా పడుతుంది. శిఖరానికి తాడు, అంచు చుట్టూ సీసం గుండ్లు. అంచును లోపలికి మడిచి అక్కడక్కడ కట్టి సంచుల్లా చేస్తారు. వల లాగేటప్పుడు గుండ్లు దగ్గరికి చేరతాయి, తప్పించుకోబోయిన చేప ఆ సంచుల్లోకే దూరుతుంది. మామ వల ఏడు మూరలది. అప్పటికే నూలు పోయి నైలాన్ వచ్చింది గానీ, గుండ్ల బరువు పన్నెండేళ్ళ పిల్లోడి భుజాన్ని కిందికి గుంజేది.

తాడు కొసను ఎడమ మణికట్టుకు తగిలించుకోవాలి. వలను మడతలు మడతలుగా ఎడమ చేతిలోకి తీసుకోవాలి. అంచులో ఒక వంతు ఎడమ మోచేతి మీద వేసుకుని, ఇంకో వంతు కుడిచేత్తో అందుకోవాలి. ఆ రెంటికీ నడుమ అంచును ఒకచోట పళ్ళతో కరిచి పట్టాలి. ఆపైన నడుము తిప్పి, ఆ తిరిగిన ఊపులోనే విసరాలి. ముందు కుడిచెయ్యి వదులుతుంది, వెంటనే మోచేతి మీది మడత జారుతుంది, ఆఖరున నోరు తెరుచుకోవాలి. అంతా రెప్పపాటులో జరిగిపోతుంది. నోరు తొందరపడితే వల ఒక పక్కకే తెరుచుకుంటుంది. ఆలస్యమైతే ఏమవుతుందో మామ నవ్వినప్పుడు కనపడేది. ముందు పళ్ళు రెండు లేవు ఆయనకు.

నా మొదటి వల ఇసకలో గడ్డగా పడింది. మామ దాని చుట్టూ ఒకసారి తిరిగి, "దోసె పొయ్యమంటే సంగటి ముద్ద ఏసినావే" అన్నాడు. వారం రోజులు ముద్దలే. నేను కుడిచేతిని నమ్ముకున్నాను, ఎంత బలంగా విసిరితే అంత పెద్దగా తెరుచుకుంటుందనుకున్నాను. ఎనిమిదో రోజు మామ నా కుడిచేతి సంగతి వదిలేసి ఎడమ మోచేతి మీద చెయ్యి పెట్టాడు. "ఇది వదల్లేదబ్బోడా, ఇది పట్టుకోనుంది" అన్నాడు. అప్పటిదాకా నా ఎడమచెయ్యి ఒకటుందనే నాకు ధ్యాస లేదు. మన ఇండ్లలో ఎడమచేత్తో ఇస్తే తిడతారు, ఎడమచేత్తో తింటే మొట్టుతారు. పని జరిగేటప్పుడు దాన్ని ఎవరు చూస్తారు గనక?

ఆ రాత్రి మా నాయన గుంటమగ్గంలో కూర్చుని నేస్తుంటే మొదటిసారి ఆయన చేతులను పరకాయించి చూశాను. ఒక చెయ్యి పిడి లాగితే నాడె అటు నుంచి ఇటు పరుగెత్తేది, ఇంకో చెయ్యి పలకను తనవైపుకు కొట్టేది. అంతకు ముందు తరాల్లో నాడెను ఒక చేత్తో విసిరి ఇంకో చేత్తో అందుకునేవాళ్ళట. 1733లో ఇంగ్లండులో జాన్ కే అనే ఆయన తాడు కట్టి నాడెను ఉరికించే కిటుకు కనిపెట్టాక అది మెల్లగా మన మగ్గాల దాకా వచ్చింది. ఒక చేతికి విసిరే పని తప్పింది గానీ, తీరిక మాత్రం దొరకలేదు.

ఇది చదివేవాళ్ళలో గాలమేసే వాళ్ళుంటే అడుగుతారు: గాలం ఒంటిచేత్తో వేసేదే కదా, ఎడమచేతితో ఏం పని? నేనూ అట్లే అనుకున్నాను, పులివెందుల దగ్గర మా అవ్వగారి ఊరి బావి చూసేదాకా.

చీనీ తోటలో దిగుడుబావి అది. మోట పోయి ఇంజను వచ్చిన కాలం. నాలుగు పక్కలా రాతి కట్టడం, ఒక పక్క మెట్లు. ఆఖరి మెట్టు మీద కూర్చుంటే వీపుకు గోడ తగులుతుంది. కట్టెను వెనక్కి ఊపుదామంటే చోటే లేదు. మా మేనమామ కొడుకు వెదురుకట్టెను కుడిచేత్తో ముందుకు చాచి, దారం కొసన గాలాన్ని ఎడమచేతి వేళ్ళతో జాగ్రత్తగా పట్టుకుని, కట్టె కొస విల్లులా వంగేదాకా తనవైపు లాక్కుని, వేళ్ళు విప్పేవాడు. జొన్నపిండి ఉండ పోయి అవతలి గోడ నీడలో సద్దు లేకుండా పడేది. బెండుగా కట్టిన నెమలీక కాడ పైన నిలబడేది. బావిలో చప్పుడు నాలుగింతలు వినపడుతుంది, గులకరాయి జారినా జెల్లలు అడుక్కు పోతాయి. చూసేవాళ్ళకు అది ఒంటిచేతి పనే. కానీ గాలాన్ని విసిరింది ఎడమచెయ్యి, అదీ వేళ్ళు విప్పడంతో.

ఆ బావి ఇప్పుడు ఎండిపోయింది. బోర్లు పడినాక ఆ చుట్టుపక్కల బావులన్నిటిదీ అదే గతి. మెట్ల మీద తుమ్మచెట్టు మొలిచింది.

మొన్న ఆషాఢంలో బెంగళూరు నుంచి మా మేనల్లుడు వచ్చాడు, తొమ్మిదడుగుల కార్బన్ కట్టె, దానికి రీలు, డబ్బా నిండా రంగురంగుల ప్లాస్టిక్ చేపలతో. జమ్మలమడుగు దాటి మైలవరం జలాశయానికి పోయాము. జలాశయాల్లో చేపల హక్కు లైసెన్సున్న మత్స్యకారులది కాబట్టి ముందు వాళ్ళను అడిగాము. మావాడి డబ్బా చూసి నవ్వి సరేనన్నారు. ఆషాఢం గాలి మీకు తెలుసు కదా, నీళ్ళ మీద ఇంకా రెచ్చిపోతుంది. వాడు ఒంటిచేత్తో విసిరిన ప్లాస్టిక్ చేప గాలికి తిరుగుముఖం పట్టి పదడుగుల్లో పడింది.

"రెండు చేతులు పెట్టాల్నా మామా?" అన్నాడు.

పెట్టాడు. ఇంకో అయిదడుగులు పోయింది, అంతే. రెండో చెయ్యి ఊరికే కట్టెను అంటిపెట్టుకుని ఉంది మరి. రీలు దగ్గరున్న పై చేత్తో తోయడం అందరూ చేసేదే. కట్టె మొదట్లో ఉన్న కింది చేత్తో పొట్టవైపుకు లాగాలి. మా బండల గనుల్లో గడ్డపారతో కడప బండను లేపేవాణ్ణి చూడండి, గడ్డపార కింద ఒక చిన్న రాయి పెడతాడు. ఇక్కడ పై చెయ్యి ఆ రాయి. కింద జానెడు లాగితే పైన కట్టె కొస బారెడు దూరం ఉరుకుతుంది. బరువు చిన్నదై దూరం తక్కువైతే మణికట్టు చాలు, రెండో చెయ్యి అడ్డం కూడా. బరువు పెరిగినా, ఎదురుగాలి వచ్చినా కింది చెయ్యే గతి. ఇక దారాన్ని ఆపి పట్టిన చూపుడువేలు ఉంది చూశారూ, అది ముందే వదిలితే చేప ఆకాశానికి, ఆలస్యంగా వదిలితే పాదాల ముందుకు. ఎదురుగాలిలో ఒక పిసరు ఆలస్యంగానే వదలాలి, తక్కువ ఎత్తులో నీళ్ళను ఒరుసుకుంటూ పోవాలి.

రెండు చేతుల విసురు మాట వచ్చింది కాబట్టి చెబుతున్నా, స్కాట్లండులో స్పే అనే నది గట్లు నిటారుగా, చెట్లతో నిండి ఉంటాయట. దారాన్ని వెనక్కి ఊపడానికి వీల్లేక అక్కడివాళ్ళు పందొమ్మిదో శతాబ్దంలో పొడుగాటి కట్టెను రెండు చేతులతో పట్టి, దారాన్ని పక్కన నీళ్ళకు తాకించి ముందుకు చుట్టి విసిరే పద్ధతి తీశారు. ప్రపంచమంతా దాన్ని ఆ నది పేరుతోనే పిలుస్తున్నారు. చదివినప్పుడు నాకు మా అవ్వగారి బావే గుర్తొచ్చింది. వాళ్ళకూ వెనక చోటు లేదు, మాకూ లేదు. వాళ్ళకు ఏరు వెడల్పు కాబట్టి పొడుగు కట్టె, రెండు చేతులు. మాది ఇరవై అడుగుల బావి. మన దగ్గరా దొరలు గాలమేశారు. మద్రాసు సివిల్ సర్వీసులో పనిచేసిన హెన్రీ సలివన్ థామస్ 1873లో మన దేశపు గాలం వేట మీద ఒక పుస్తకం, 1887లో చెరువుల వేట మీద ఇంకోటి రాశాడు. దొరలకు అది కాలక్షేపం. మా బెస్త మామకు అది రాత్రి కూర.

సాయంత్రం కొండాపురం వైపు గండికోట వెనక జలాలకు పోయాము. 26.85 టీఎంసీల జలాశయం అది. శ్రీశైలం నుంచి గోరుకల్లు, అవుకు మీదుగా వచ్చిన కృష్ణ నీళ్ళు ఇక్కడ పెన్నలో కలుస్తాయి, ఇక్కడి నుంచే ఎత్తిపోసి పులివెందుల దిక్కు చిత్రావతి రిజర్వాయరుకు పంపుతారు. నా చిన్నప్పుడు ఈ మాట ఎవరన్నా చెప్పుంటే బెస్త మామ కూడా నవ్వేవాడు. ఆ నీళ్ళ కింద ఊళ్ళున్నాయి.

గాలి తగ్గింది. మావాడు నాలుగైదు సార్లు ఊరికే విసిరి చూసుకున్నాడు. ఆరోసారి కింది చెయ్యి పొట్టకు లాగింది, వేలు సరిగ్గా విడిచింది, రీలు మీది దారం సన్నగా కూస్తూ పోతానే ఉంది. ఎక్కడ పడిందో నాకు కనపడలేదు. వాడు రీలు తిప్పాడు. కట్టె వంగింది.

"పడింది మామా!"

గట్టుమీద గొర్రెలు మేపుకుంటున్న పెద్దాయన అటు చూసి, "చేప కాదు నాయనా, చింతచెట్టు. మా రచ్చకట్ట కాడిది" అన్నాడు.

మావాడు అటు లాగాడు, ఇటు లాగాడు. రాలేదు. కట్టెను చంకలో పెట్టుకుని, రెండు చేతులతో దారాన్ని గుంజి పట్టుకుని, పళ్ళతో కొరికి తెంపాడు.