శపథమా? శాపమా?

కొన్ని సంవత్సరముల క్రిందట మా తరగతిలో ఒక ఇంగ్లీషు కథ చదివించుచుంటిమి. తుపానులో తెరచాప చినుగగా ఓడ సరంగు ‘స్వేర్’ చేసెనని అందులో నుండెను. ఒక బాలుడు లేచి ‘సరంగు ప్రమాణము చేసెను’ అని తెనిగించెను. తరగతి యంతయు నవ్వెను, మేమును నవ్వితిమి. ‘ప్రమాణము కాదురా, తిట్లకు లంకించుకొనెను’ అని దిద్ది వానిని కూర్చుండబెట్టితిమి. ఆ రాత్రి నిఘంటువు విప్పి చూచిన పిమ్మట మా నవ్వునకు మేమే సిగ్గుపడితిమి. బాలుడు చెప్పినది ఆ కథకు తగకపోయినను, ఆ మాటకు మొదటి యర్థ మదియే.

ప్రాచీనాంగ్లమున ఈ క్రియకు ‘స్వెరియన్’ అని రూపము. ఒట్టుపెట్టి పలుకుట దాని యర్థము. బదులు చెప్పుట యను నర్థమున నేడు వాడుచున్న ‘ఆన్సర్’ అను మాటయు నీ కుదురునుండియే మొలచినది. నిందకెదురుగా ప్రమాణపూర్వకముగా చెప్పునది యని దాని తొలి భావము. తిట్టుట యను నర్థము 15వ శతాబ్దమునాటికి గాని కానరాదు. ఆ మార్పునకు కారణము సులభముగానే తెలియుచున్నది. జనులు ప్రతి చిన్న మాటకును దేవుని పేరును, క్రీస్తు గాయములను, ఆయన రక్తమును సాక్షిగా పిలువజొచ్చిరి. ‘దేవుని గాయములతోడు’ అను ప్రమాణమే నలిగి నలిగి ‘జౌండ్స్’ అను వట్టి ఊతపదమైనది. సాక్షికి గౌరవము పోగా ప్రమాణము దూషణముగా దిగినది. ఫ్రెంచివారి ‘జ్యూరే’ అను క్రియకును ఈ రెండర్థములు నున్నవి.

ఆంగ్లప్రభుత్వము దీనిని శాసనములతో నాపజూచెను. 1606లో చేసిన చట్టము నాటకరంగముపై దైవనామమును పరిహాసముగా వాడినవారికి 10 పౌనుల జుల్మానా విధించినది. 1745నాటి చట్టము మరియు వింతైనది. కూలివాడు, సిపాయి, నావికుడు ఒట్టుపెట్టి తిట్టినచో 1 షిల్లింగు. వారికంటె పైవాడై పెద్దమనిషి కానివాడు తిట్టినచో 2 షిల్లింగులు. పెద్దమనిషి తిట్టినచో 5 షిల్లింగులు. రెండవమారు రెట్టింపు, మూడవమారు మూడురెట్లు. ఈ చట్టము 1967 వరకు రద్దు కాలేదు. జుల్మానాకు వెల కట్టగలిగిరి గాని, పోయిన మాట విలువను ఏ చట్టమును తిరిగి తేలేకపోయినది.

ఇది యంతయు ఇంగ్లీషువారి మోటుతన మని మనవారు చంకలు గుద్దుకొన బనిలేదు. మన ‘శపథము’, ‘శాపము’ అను రెండు మాటలును ‘శప్’ అను నొక్క ధాతువునకే బిడ్డలు. ధాతుపాఠమున దీని యర్థము ఆక్రోశము. శపథము చేయు నర్థమున దీనికి ఆత్మనేపదమును వైయాకరణులు విధించిరి. యాస్కుడు నిరుక్తమున శపథమును, అభిశాపమును జంటగా పేర్కొని, ఋగ్వేదము 7వ మండలములోని యొకే ఋక్కునుండి రెంటికిని ఉదాహరణము లిచ్చెను. తాను దుష్టమాంత్రికుడైనచో ఆనాడే తనకు మరణము గోరుకొనుట అందలి పూర్వార్ధము; తనపై అబద్ధపు నింద మోపినవానికి పుత్రవియోగము గోరుట ఉత్తరార్ధము. అనగా ఎదుటివానిపై విసరినది శాపము. అబద్ధమాడినచో తనపైననే పడవలెనని కోరుకొన్న శాపము శపథము. ఈ రహస్యము తెలియనిదే ‘స్వేర్’ అను మాట రెండర్థములకును లంకె దొరకదు. మేము చూచిన ఇంగ్లీషు-తెలుగు నిఘంటువులు 1 ప్రమాణము చేయు, 2 తిట్టు అని అంకెలు వేసి ఊరకున్నవి. మా తరగతి నవ్వులో సగము పాపము ఆ అంకెలది.

ఇక మన యిండ్లకు వత్తము. కుమారుడు బడినుండి ఒక ఇంగ్లీషు తిట్టు నేర్చుకొనివచ్చినచో తల్లి చెవులు మూసికొనును. ఆ తల్లియే పొరుగింటి యమ్మతో పప్పు అప్పు తీర్చితినో లేదో యను వాదము వచ్చినప్పుడు, ఆ బిడ్డను దగ్గరకు లాగి తలపై చేయివైచి, ‘వీనిమీద ఒట్టు’ అనును. శపథమనగా తన నెత్తిపై దెచ్చుకొనిన శాపమైనచో, ఆమె చేయుచున్న దేమి? మాట తనది, శాపము బిడ్డది. గ్లాసెడు పప్పునకు కుమారుని ప్రాణము పూచీ! మేమును చిన్ననాట ఎన్నిమారులో అట్టి చేతిక్రింద నిలిచి భయపడితిమి. మా పెద్దలు అబద్ధమాడుచున్నారేమో యని ఆ రాత్రులు నిద్ర లేక పొరలితిమి.

బూతుమాటను ఇంటిలోనికి రానీయకుండుట మంచిదే. దానికంటె ముందు ఒట్టును ఇంటినుండి సాగనంపవలెను. అవునన్న అవునని, కాదన్న కాదని నమ్మునట్టి యింట ఏ తలపైనను చేయి వేయ నక్కరలేదు. ఈ సంగతి మా విద్యార్థికి చెప్పి, ఆనాటి నవ్వునకు క్షమాపణ గోరితిమి. వాడు వెంటనే ‘పరవాలేదండీ, నేనేమీ అనుకోలేదు, ఒట్టు!’ అనెను. ఈసారి తరగతితోపాటు మేమును మనసారా నవ్వితిమి.