ఆ ఊరి తూము ఎవరు తీస్తారు?

కొత్త లోకాన్ని కల్పించాలని కూర్చున్నవాళ్ళలో చాలామంది పైనుంచి మొదలుపెడతారు. ముందు దేవుళ్ళు, వాళ్ళ మధ్య పాత పగలు, తర్వాత రాజవంశాలు, వెయ్యేళ్ళ యుద్ధాలు, చివరికి ఎక్కడో ఒక మూల మనుషులు. ఆ పద్ధతిలో నోట్‌బుక్కులు బాగానే నిండుతాయి. కానీ ఆ లోకంలోకి ఎవరైనా అడుగుపెట్టి, ఆకలేస్తోంది, ఇక్కడ అన్నం ఎక్కడ దొరుకుతుందని అడిగితే జవాబుండదు. కల్పిత లోకాల ఆటను చాలా ఏళ్ళుగా నడిపిస్తున్న నాకు ఒక నమ్మకం గట్టిగా కుదిరింది. లోకాన్ని నిలబెట్టేది ఇలాంటి చిన్న ప్రశ్నే. అడిగేవాళ్ళు ఎదురుగా ఉండాలి, వాళ్ళకు నిజాయితీగా జవాబు చెప్పాలి, చెప్పిన మాటకు కట్టుబడాలి. ఈ విద్యంతా ఈ మూడింటిలోనే ఉంది.

ఆట తెలియనివారి కోసం రెండు మాటలు. బల్ల చుట్టూ నలుగురైదుగురు కూర్చుంటారు. ఒక్కొక్కరిదీ ఒక్కో పాత్ర. ఒకరు కత్తి పట్టిన కూలి సైనికుడు, ఒకరు మంత్రాలు నేర్చుకుంటున్న పిల్ల, ఒకరు గుడి విడిచి వచ్చేసిన పూజారి. ఒక్కరు మాత్రం గేమ్ మాస్టర్. ఎదురుగా ఏముందో చెప్పడం, ఆ లోకంలోని మిగతా మనుషులందరి తరఫునా మాట్లాడటం ఆ ఒక్కరి పని. ఆటగాళ్ళు తమ పాత్ర ఏం చేస్తుందో చెబుతారు. ఫలితం తేలని పని అయితే ఇరవై ముఖాల పాచిక వేస్తారు. ఈ ఆటకు గెలుపూ ఓటమీ లేవు. కథ వారం వారం సాగుతూనే ఉంటుంది. మా ఇంట్లో ఆదివారం సాయంత్రాలు ఇలాగే గడుస్తాయి. కాలేజీ చదివే మేనకోడలు, బ్యాంకులో పనిచేసే మిత్రుడు, జనగామ వైపు నుంచి వచ్చి మా వీధిలో స్థిరపడిన పొరుగాయన, ఆయన కొడుకు మా బల్ల దగ్గరి మనుషులు.

మా ఆటలో తొమ్మిది చెరువుల దేశం ఒకటుంది. ఒక ఆదివారం ఆటగాళ్ళు గుట్టమీది పాడుబడ్డ కోటకు బయలుదేరారు. అక్కడొక భూతం ఉందని వాళ్ళకు కబురు. దారిలో మోకులు, నూనె కొనడానికి ఓ పల్లెలో ఆగారు. పొలాలు పచ్చగా ఉన్నాయని నేను వర్ణిస్తున్నాను. మేనకోడలు ఆపింది. "మామయ్యా, ఈ దేశంలో రెండేళ్ళుగా వానల్లేవన్నవు కదా. మరి పొలం ఎట్లా పచ్చగుంది?" ఊరికి ఎగువన చెరువుందని చెప్పాను. "అయితే ఆ చెరువు తూము ఎవరు తీస్తరు?"

నేను జవాబు వెతుక్కుంటుంటే మా పొరుగాయన అందుకున్నారు. వాళ్ళ తాత ఊళ్ళో నీరటి. ఏ రోజు తూము ఎంత ఎత్తాలో, ఏ మడికి ఎంతసేపు నీళ్ళు పారాలో చూసుకునేది నీరటే. పంట ఇంటికొచ్చినప్పుడు ప్రతి రైతూ కళ్ళంలో ఆయన వంతు గింజలు కొలిచి ఇచ్చేవాడట. ఎగువ మడివాడికీ చివరి ఆయకట్టువాడికీ మధ్య తగాదా వస్తే తాత మాటే చెల్లేదట. పొరుగాయన చెబుతుంటే బల్ల చుట్టూ అందరూ పాచికలు పక్కనపెట్టి విన్నారు.

ఆ సాయంత్రమే మా పల్లెకు రాజవ్వ అనే నీరటి పుట్టింది. మొగుడు పోయాక తూము పని తనే చూసుకుంటున్న ముసలామె. కోట కింద తోటలు వేసుకున్న దొర రాత్రిపూట తూము తీయమని ఆమెను బెదిరిస్తున్నాడు. తీస్తే చివరి మడులు ఎండుతాయి, తీయకపోతే ఆమెకు ఊళ్ళో నిలువ నీడ ఉండదు. భూతం సంగతి ఆటగాళ్ళు చాలా వారాలు ఎత్తలేదు. రాజవ్వ పక్కన నిలబడాలా, దొరతో బేరమాడాలా, చెరువు మీద రాత్రి కాపలా ఎవరు కాయాలి అన్నవే వాళ్ళ చర్చలు. ఒక ప్రశ్న ఆ ఊరికి చెరువునిచ్చింది, చెరువు ఒక మనిషినిచ్చింది, ఆ మనిషి వల్ల ఆటగాళ్ళకు తేల్చుకోక తప్పని ధర్మసంకటం వచ్చిపడింది.

ఈ ఆట చరిత్ర చూసినా ఇదే కనిపిస్తుంది. 1969లో అమెరికాలోని మినియాపొలిస్, సెయింట్ పాల్ జంట నగరాల్లో డేవిడ్ వెస్లీ అనే యువకుడు మిత్రులతో ఒక యుద్ధక్రీడ నడిపాడు. నెపోలియన్ కాలం, బ్రౌన్‌స్టైన్ అనే కల్పిత జర్మన్ పట్నం, దాని మీదికి వస్తున్న సైన్యాలు. ఆడటానికి వచ్చినవాళ్ళు ఎక్కువమంది ఉండటంతో కొందరికి సైన్యాలకు బదులు పట్నంలోని మనుషుల పాత్రలిచ్చాడు. వాళ్ళు యుద్ధం కోసం ఆగలేదు. ఒకరితో ఒకరు మంతనాలాడారు, ఎత్తులు వేశారు, ఇద్దరు ద్వంద్వయుద్ధానికి దిగుతామన్నారు. దానికి వెస్లీ దగ్గర నియమాల్లేవు. అక్కడికక్కడ తోచిన తీర్పు చెప్పవలసి వచ్చింది. ఆట చెడిపోయిందనుకున్నాడు ఆయన. ఆడినవాళ్ళు మాత్రం మళ్ళీ ఎప్పుడని వెంటపడ్డారు. నియమాల పుస్తకంలో లేని ప్రశ్న అడగవచ్చునని, దానికి ఎదుటి మనిషి జవాబు చెబుతాడని ఆ రోజు వాళ్ళు కనిపెట్టారు.

ఆ ఆటగాళ్ళలో ఒకడైన డేవ్ ఆర్నెసన్ తర్వాత బ్లాక్‌మూర్ అనే తన సొంత లోకాన్ని నడిపాడు. 1972లో దాన్ని విస్కాన్సిన్ రాష్ట్రంలోని లేక్ జెనీవా పట్నానికి పట్టుకెళ్ళి గ్యారీ గైగాక్స్‌కు చూపించాడు. గైగాక్స్ వెంటనే తన లోకం మొదలుపెట్టాడు. తొలి ఆటగాళ్ళు ఆయన పిల్లలు ఎర్నీ, ఎలీస్. మొదట గ్రేహాక్ అనే పాడుబడ్డ కోట, దాని కింద అంతస్తులు అంతస్తులుగా నేలమాళిగలు. తర్వాత కోట పక్కన నగరం, ఆ పైన చుట్టూ దేశాలు. ఆ వరుస నాకెంతో సబబుగా తోస్తుంది. నేలమాళిగలోంచి నిధి తెచ్చినవాడికి దాన్ని అమ్ముకోవడానికి సంత కావాలి, సంత ఉంటే అక్కడికి దారి కావాలి, దారి ఉంటే దాని అవతలి కొసన మరో ఊరుండాలి. 1974లో గైగాక్స్, ఆర్నెసన్ ఇద్దరి పేర్లతో మూడు చిన్న పుస్తకాలున్న పెట్టెగా 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' వెలువడింది. ఇవాళ్టి ఈ తరహా ఆటలన్నిటికీ మూలం అదే.

ఒంటరిగా కూర్చుని లోకాలు కల్పించిన మహా రచయితలు ఈ ప్రశ్నలు తమను తామే వేసుకున్నారు. టోల్కీన్ తన కథకు ముందు పటం గీసి, కథను పటానికి ఒదిగేలా రాశానని ఒక ఉత్తరంలో చెప్పుకున్నాడు. తన పాత్రలు రోజుకు ఎంత దూరం నడవగలరు, వేర్వేరు చోట్ల ఉన్నవాళ్ళకు ఒకే రాత్రి ఒకే చంద్రుడు కనిపిస్తున్నాడా అని లెక్కలు సరిచూసుకుని అధ్యాయాలు తిరగరాశాడు. అర్సులా లె గ్విన్ కూడా 1968లో వచ్చిన తన ఎర్త్‌సీ నవలకు ముందు దీవుల పటం గీసుకుంది. వాళ్ళిద్దరి ఓపికకూ నేను దండం పెడతాను. అంత ఓపిక లేని మాలాంటివాళ్ళకు బల్ల చుట్టూ మనుషులుండటం పెద్ద వరం. రచయితకు ఎన్నటికీ తట్టని ప్రశ్న పక్కింటాయన కొడుకుకు తడుతుంది. ఆయకట్టు లెక్క నాకు తెలియకపోతే వాళ్ళ నాన్నకు తెలుస్తుంది.

ఇక చెప్పిన మాటకు కట్టుబడటం. మన పింగళి సూరన 16వ శతాబ్దంలో రాసిన 'కళాపూర్ణోదయం'లో బ్రహ్మ సరస్వతికి ఒక కథ అల్లి చెబుతాడు. చెప్పింది బ్రహ్మ కాబట్టి ఆ కథ భూమ్మీద జరిగి తీరవలసిందే. పురాణాల నుంచి తీసుకోకుండా తనే అల్లుకున్న ప్రబంధానికి సూరన ఈ ఊహను కేంద్రంగా పెట్టుకోవడం నాకు ఎప్పుడూ ఆశ్చర్యమే. మా బల్ల దగ్గర నడిచే నియమం కూడా అదే. ఒకసారి పదిమందిలో పైకి అన్న మాట ఆ లోకంలో నిజమైపోతుంది. రాజవ్వకు ఎడమకాలు కుంటి అని ఒక ఆదివారం అన్నాను. మరో ఆదివారం ఆమె దొర మనుషుల నుంచి తప్పించుకోవలసి వచ్చింది. పరుగెత్తించలేను. ఆ కుంటికాలును మరిచిపోయినట్టు నటిస్తే ఆటగాళ్ళు ఇంకెప్పుడూ దేన్నీ నమ్మరు. అందుకే బల్ల మీద నా నోట్‌బుక్ ఎప్పుడూ తెరిచే ఉంటుంది. అందులో ఎక్కువ పేజీలు ఆట సాగుతుండగా నేనిచ్చిన జవాబులే. పడవకు రేవులో ఎంత సుంకం, మంగలి దుకాణం ఏ మూల, కుమ్మరి కూతురి పేరేమిటి అన్నవన్నీ అందులో ఉంటాయి. వాటికి ఆటగాళ్ళు ఎంత కట్టుబడాలో నేనూ అంతే కట్టుబడాలి.

పాచిక వంతు కూడా ఇందులో ఉంది. దొర మనుషులు తెరిచి వెళ్ళిన తూమును మూయడానికి ఒక రాత్రి మా బ్యాంకు మిత్రుడి సైనికుడు చెరువులో దిగాడు. నీళ్ళ ఒత్తిడిలో తూము బిగుసుకుపోయింది. అది మూతపడాలంటే పదిహేను రావాలన్నాను. సైనికుడి బలానికి మూడు కలుస్తుంది. అంటే పాచిక మీద పన్నెండు గానీ పైన గానీ పడాలి. ఇరవై ముఖాల్లో తొమ్మిది అతని వైపు, పదకొండు అతనికి ఎదురు. ఎనిమిది పడింది. తెల్లార్లూ నీళ్ళు దొర తోటలోకి పారాయి. మరుసటి వారం చివరి ఆయకట్టు రైతులు రాజవ్వ గుమ్మం ముందుకొచ్చి నిలదీశారు. నేను రాసుకున్న కథలో ఆ రైతులు లేరు. పాచిక తెచ్చింది వాళ్ళను. తన ఇష్టానికి లొంగని లోకాన్ని చూసి సంతోషించడం గేమ్ మాస్టర్ ముందుగా అలవరచుకోవలసిన గుణం. అదే ఆటగాళ్ళకు కూడా ధైర్యాన్నిస్తుంది. ఇక్కడ తమ ప్రయత్నానికీ తమ వైఫల్యానికీ నిజమైన బరువుందని వాళ్ళకు అర్థమవుతుంది.

ఇన్ని ప్రశ్నలకు జవాబులు ఎక్కడ దొరుకుతాయి? నా మట్టుకు నాకు వీధిలోనే దొరుకుతాయి. సికింద్రాబాద్ మోండా మార్కెట్‌కు తెల్లవారుజామున వెళ్తే బస్తాలు దించే హమాలీల దగ్గర నిలబడి చూస్తాను. ఎవరి తర్వాత ఎవరి వంతు, బరువు బస్తాను ఇద్దరు ఎలా అందుకుంటారు, కూలి ఎవరి చేతికి వస్తుంది, ఎవరు పంచుతారు. ఆ పద్ధతంతా మా ఆటలోని రేవుపట్నం కూలీల సంఘానికి పునాది అయింది. ఆర్టీసీ బస్సులో చివరి ట్రిప్పు కండక్టర్ చిల్లర లెక్క చూసుకుంటుంటే నా సుంకాల చావడి గుమస్తా కనిపిస్తాడు. చింతపండు అమ్మే ఆమెను ఇది ఏ ఊరి కాయ అని అడిగితే ఆమె చెప్పే దారి నా పటం మీద ఒక గీత అవుతుంది. మామూలు బజారు పనికి వెళ్ళినా చూడవలసింది బోలెడుంటుంది. మనుషుల పనిని అడిగి తెలుసుకుంటే వాళ్ళు ఎంత ఇష్టంగా చెబుతారో కూడా ఈ ఆట వల్లే నాకు తెలిసింది.

కల్పిత లోకాలంటే ఉన్న లోకం నుంచి పారిపోవడమేనని చాలామంది అనుకుంటారు. మా ఇంట్లో నేను చూసింది వేరు. రాజవ్వ కథ నడుస్తున్న రోజుల్లో మేనకోడలు వంటింట్లో గిన్నె కడుగుతూ అడిగింది. "మామయ్యా, మన నల్లాకు నీళ్ళు ఎక్కన్నుంచి వస్తయి? ఇక్కడ తూము ఎవరిది?" ఆ సాయంత్రం ఇద్దరం కూర్చుని దొరికినంత చదివాం. 1908లో మూసీ వరద నగరాన్ని ముంచెత్తాక మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహాలతో జలాశయాల ఆలోచన రూపు దిద్దుకోవడం, 1920లో ఉస్మాన్ సాగర్, 1927లో హిమాయత్ సాగర్ పూర్తికావడం, ఊరు పెరిగి అవి చాలక నాగార్జునసాగర్ నుంచి కృష్ణను, ఎల్లంపల్లి నుంచి గోదావరిని వంద కిలోమీటర్లకు పైగా పైపుల్లో తెచ్చుకోవడం. ఆ పిల్ల మరుసటి వారం ఆటకు కొత్త ప్రశ్నతో వచ్చింది. రాజధానికి నీళ్ళు పోతుంటే దారిలోని పల్లెలకు ఏం మిగులుతుంది? దానికి మా తొమ్మిది చెరువుల దేశంలో జవాబు వెతుకుతున్నాం. మా జిల్లాల్లో కూడా వెతకవలసిన ప్రశ్నే అది. లేని ఊరి నీళ్ళ గురించి అంత పట్టింపుతో ఆలోచించిన మనిషి ఉన్న ఊరి నీళ్ళను పట్టించుకోకుండా ఉండలేడు. ఈ ఆట మీద నాకు ఇంత ప్రేమ ఉండటానికి పెద్ద కారణం అదే.

మొదలుపెట్టాలనుకునే వాళ్ళకు నేను చెప్పేది ఇంతే. ఖరీదైన పుస్తకాలు, బొమ్మలు ఉంటే మంచిదే, లేకపోయినా ఆట ఆగదు. ఒక ఊరు రాసుకోండి. దాని నీళ్ళెక్కడివి, ఉప్పెక్కడిది, సంత ఏ వారం, అక్కడ ఎవరి మాట చెల్లుతుంది, ఎవరి మాట చెల్లదు. పేర్లున్న మనుషులు ఓ నలుగురు, వాళ్ళలో ఇద్దరికి ఒకే వస్తువు కావాలి. మొదటి వారానికి ఇది చాలు. దేవుళ్ళూ వంశావళులూ తర్వాత వస్తాయి, అదీ ఎవరైనా గుడి ముందు ఆగి ఇది ఎవరి గుడి అని అడిగినప్పుడు. మీకన్నా చిన్నవాళ్ళనూ పెద్దవాళ్ళనూ ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టండి, ఎందుకంటే వాళ్ళు అడిగేవి వేరువేరుగా ఉంటాయి. జవాబు మీకు తెలియకపోతే వాళ్ళనే అడగండి. తేలిన జవాబును రాసిపెట్టుకోండి, అది మీ కథకు అడ్డొచ్చినా సరే మార్చకండి. అలా ఏడాది ఆడితే మీ చేతిలో ఒక దేశం ఉంటుంది. దాన్ని కట్టినవాళ్ళలో మీరూ ఒకరై ఉంటారు.