కారులోని సౌకర్యములు – రోడ్డుపై భద్రత

విక్రయశాలలో క్రొత్త కారును చూడబోయిన వారికి నేడు మొట్టమొదట చూపబడునది ఇంజను కాదు, బ్రేకు కాదు. డ్రైవరు ముందు వెలుగుచున్న తెర. దానిని వ్రేలితో తాకినచో పాట వచ్చును, చల్లగాలి వచ్చును, దారి చూపు పటము వచ్చును. తరువాత తాళపుచెవి త్రిప్పకయే ఇంజనును కదలించు బొత్తాము, చీకటి పడగనే తమంతట వెలుగు దీపములు, పాదము తీసినను వేగమును నిలుపు క్రూయిజ్ కంట్రోలు వరుసగా వర్ణింపబడును. ఆ వరుసలోనే ఎయిర్ బ్యాగులు, బ్రేకుల ఏర్పాట్లు కూడ చేరియుండును. ఏది ఒడలి హాయి కొరకు, ఏది ప్రాణరక్షణ కొరకు అను తేడా ఆ జాబితాలో కనిపించదు. "అన్ని హంగులు ఉన్నవి" అను ఒక్క మాటతో కొనువారు తృప్తిపడి, హంగులున్న బండి భద్రమైన బండి అని నమ్ముదురు. ఈ నమ్మకము ఎంతవరకు సరియైనదో భౌతికశాస్త్ర దృష్టితో పరిశీలించుటయే ఈ వ్యాసోద్దేశము.

పరిశీలనకు ఒక రోడ్డు కావలెను. ప్రకటనలలో కనిపించు నిర్జనమైన నున్నని రహదారి మనకు పనికిరాదు. మదనపల్లె నుండి పుంగనూరు, పలమనేరు మీదుగా కుప్పము పోయి, తమిళనాడులోని కృష్ణగిరిని చేరు 42వ నంబరు జాతీయ రహదారిని తీసికొందము. సముద్రమట్టమునకు సుమారు 700 మీటర్ల ఎత్తున ఉన్న పీఠభూమి ఇది. మదనపల్లె మార్కెట్టుకు టమోటా పెట్టెలు మోయు లారీలు, ఊరూరికి తిరుగు ఆటోలు, ఎదురు దిక్కున వచ్చు ద్విచక్ర వాహనములు, మేతకు పోవు పశువులు, చలికాలపు తెల్లవారుజామున పొగమంచు, పలమనేరు కుప్పము ప్రాంతములలో అడవి దాటి వచ్చు ఏనుగులు – ఇవన్నియు ఈ దారిలో ఎదురుకాగలవు. కారులోని ఏర్పాటు ఏదైనను ఇచట నిలిచినప్పుడే మనకు నిలిచినట్లు.

ఇది వినోదమునకై చేయు పరీక్ష కాదు. 2022లో మన దేశమున రోడ్డు ప్రమాదములలో 1,68,491 మంది మరణించిరని కేంద్ర రోడ్డు రవాణా శాఖ లెక్క. ఆ మరణములలో నూటికి డెబ్బదికి పైగా అతివేగముతో ముడిపడినవే.

సెకను అను కొలబద్ద

మీటరు ముల్లు వేగమును గంటకు ఇన్ని కిలోమీటర్లని చూపును. ప్రమాదము మాత్రము గంటలలో జరుగదు, సెకనులలో జరుగును. గంటకు 80 కిలోమీటర్ల వేగమనగా సెకనుకు 22 మీటర్లు. ఎదుట ఆవు కనబడినది మొదలు పాదము బ్రేకుపై పడువరకు సామాన్యముగా సెకనున్నర పట్టును. ఆ లోపల కారు 33 మీటర్లు పోవును. పొడి రోడ్డుపై బ్రేకు గట్టిగా పట్టిన తరువాత మరి 35 మీటర్లు పోయి ఆగును. మొత్తము 68 మీటర్లు. రోడ్డు తడిసియున్నచో ఇది 95 మీటర్ల వరకు పెరుగగలదు. వంచిన దీపపు వెలుతురు సుమారు 50 మీటర్ల దూరమునకే స్పష్టముగా చూపును. అనగా రాత్రివేళ ఆ వేగమున పోవువారు, కనబడిన తరువాత ఆగుటకు వీలులేని స్థితిలో ముందే ఉన్నారన్నమాట.

ఈ లెక్కలో మన చేతిలో ఉన్నవి రెండే: వేగము, శ్రద్ధ. చూపు రెండు సెకనులు ప్రక్కకు పోయిన 44 మీటర్ల రోడ్డు చూడకుండ గడచిపోవును. కావున ప్రతి సౌకర్యమును ఒకే ప్రశ్న అడుగవలెను: ఇది డ్రైవరుకు సెకనులను మిగుల్చుచున్నదా, లేక అతని వద్దనున్న సెకనులను కాజేయుచున్నదా?

తెర

ఈ ప్రశ్నకు మొదట తలవంచవలసినది తెరయే. పాత కార్లలో గాలికి ఒక మర, పాటకు ఒక మర ఉండెడివి. వాటి ఉబ్బును, అంచును వ్రేళ్ళు గుర్తుపట్టును. కన్ను రోడ్డుపైననే ఉండును. నున్నని గాజుపై వ్రేలికి ఆనవాలు లేదు. చూడక తాకుట అసాధ్యము. 2022లో స్వీడన్ దేశపు మోటారు పత్రిక ఒకటి దీనిని కొలిచినది. గంటకు 110 కిలోమీటర్ల వేగమున పోవుచు గాలి, రేడియో మున్నగు కొన్ని పనులను చేయించగా, బొత్తాములున్న 2005 నాటి కారులో 10 సెకనులు పట్టినది. ఆ లోపల కారు సుమారు 300 మీటర్లు పోయినది. తెరలున్న క్రొత్త కార్లలో అన్నిటికంటె వెనుకబడిన దానిలో దాదాపు 45 సెకనులు పట్టినది. కారు 1,300 మీటర్లు దాటిపోయినది. ఐరోపాలో కార్ల భద్రతకు నక్షత్రములిచ్చు యూరో ఎన్‌క్యాప్ సంస్థ, హారను, వైపరు, మలుపు దీపము వంటి ముఖ్యమైన వాటికి వేరు మీటలు లేని కారుకు పూర్తి మార్కులు రాకుండ 2026 నుండి నియమము పెట్టినది. విలాసమని మనము డబ్బిచ్చి కొనుచున్న దానిని అచట లోపముగా లెక్కించుట గమనింపదగినది.

క్రూయిజ్ కంట్రోలు

దీనిని కనిపెట్టినవారు రాల్ఫ్ టీటర్ అను అమెరికా ఇంజనీరు. బాల్యమునందే చూపు పోగొట్టుకొన్న అంధుడు. తన న్యాయవాది కారు నడుపుచు మాటాడునపుడు వేగము తగ్గుట, వినునపుడు పెరుగుట గమనించి, ఆ కుదుపులు భరింపలేక వేగమును స్థిరముగా నిలుపు సాధనమునకు పూనుకొనెనని చెప్పుదురు. 1950లో పేటెంటు లభించినది; 1958లో క్రైస్లర్ సంస్థ ఇంపీరియల్ కార్లలో అమర్చినది.

ఈ కథలో ఒక పాఠమున్నది. మాటలలో పడినవాని శ్రద్ధ చెదరినదని తెలుపు ఆనవాలు ఆ వేగపు హెచ్చుతగ్గులే. సాధనము ఆనవాలును తొలగించినది. చెదరిన శ్రద్ధను మాత్రము తిరిగి తేలేదు. నాలుగు వరుసల విశాలమైన రహదారిపై ఇది పాదమునకు విశ్రాంతి నిచ్చును. వేగ పరిమితిని దాటకుండ కాపాడును. పుంగనూరు వంటి ఊరు దగ్గరపడి, ప్రక్కదారి నుండి ఎప్పుడు ఏ బండి వచ్చునో తెలియనిచోట పాదము విశ్రమింపరాదు. బ్రేకుపై సిద్ధముగా ఉండవలెను. వానలోను, మలుపులలోను దీనిని ఆపివేయుటయే మంచిది.

ఘాటు దిగునపుడు

మదనపల్లె సమీపమున 1,265 మీటర్ల ఎత్తుగల హార్సిలీ కొండలున్నవి. తిరుపతి వైపు పోవువారికి భాకరాపేట ఘాటు, పలమనేరు నుండి చిత్తూరు పోవువారికి మొగిలి ఘాటు తగులును. 1,200 కిలోల కారు 500 మీటర్ల ఎత్తు దిగినచో, విడుదలయగు శక్తి సుమారు 59 లక్షల జౌళ్ళు. 18 లీటర్ల నీటిని మరుగు స్థితికి తేగల వేడి. ఈ వేడినంతయు బ్రేకులే మ్రింగవలసివచ్చినచో అవి కాలి పట్టు తప్పును. అందుకే తక్కువ గేరులో దిగుచు, ఇంజనుచేతనే వేగమును అడ్డగింపవలెనని పెద్ద డ్రైవర్లు చెప్పుదురు.

క్లచ్చి లేని ఆటోమేటిక్ కార్లు ఈ జ్ఞానమును మరపించుచున్నవి. మీటను 'డి' వద్ద ఉంచి మరచిపోవుటయే వాటి సౌకర్యము. దిగుడులో పై గేరునకు పోయినచో ఇంజను అడ్డు తగ్గి భారము బ్రేకులపై పడును. ఆ కార్లలోను తక్కువ గేరునకు మార్చు స్థానము ఉండును. దాని ఉపయోగము కొన్నవారిలో ఎందరికి చెప్పబడుచున్నది? విద్యుత్తు కార్లలో వేగము తగ్గునపుడు బ్యాటరీ నిండు ఏర్పాటు ఈ పని చేయును. కాని కొండపైననే బ్యాటరీ పూర్తిగా నింపుకొని దిగినచో, ఆ శక్తికి చోటులేక ఈ అడ్డు బలహీనపడును.

పెట్రోలు మిగులునని న్యూట్రలులో దిగు అలవాటు మరియొకటి. నేటి ఇంజనులలో గేరు ఉండి పాదము తీసినచో ఇంధనము పూర్తిగా ఆగిపోవును. న్యూట్రలులోనే ఇంజను తిరుగుటకు కొంత ఇంధనము కావలెను. కావున ఆ పొదుపు భ్రమ. నష్టపోవునది మాత్రము ఇంజను అడ్డు.

చల్లగాలి, పొగమంచు

ఎయిర్ కండిషనరు అలసటను తగ్గించును. అందువలన భద్రతకు తోడ్పడును. కాని లోపలి గాలినే త్రిప్పు బొత్తామును గంటల తరబడి నొక్కి ఉంచినచో, నలుగురి ఊపిరితో బొగ్గుపులుసు వాయువు పెరిగి డ్రైవరుకు మందకొడితనము కలుగును. తేమ పెరిగి చలికాలమున అద్దము లోపలి వైపు మసకబారును. బయటి గాలిని రానిచ్చి, ఎయిర్ కండిషనరు నడుపుచునే వెచ్చని గాలిని అద్దముపైకి మరల్చిన మసక పోవును. ఆ యంత్రము గాలిలోని తేమను తీసివేయుటయే కారణము. వానకాలమున చల్లని అద్దముపై బయట మసక పట్టినచో వైపరుతో తుడిచి, చల్లగాలిని అద్దము నుండి మరల్చవలెను.

తమంతట వెలుగు దీపములకు తెలిసినది చీకటి మాత్రమే; పొగమంచు కాదు. తెల్లవారిన తరువాత మంచు తెల్లగా వెలుగుచుండుటచేత అవి పగలని భ్రమించి వెలుగకపోవచ్చును. ముందువైపు చిన్న పగటి దీపములు వెలుగుచుండగా డ్రైవరు నిశ్చింతగా ఉండును. వెనుక మాత్రము ఒక్క ఎర్రదీపము ఉండదు. మంచులో దీపములను చేతితోనే వేయవలెను. పై దీపము వేసినచో నీటి తుంపరలు వెలుతురును తిరిగి కన్నులలోకే కొట్టును. వంచిన దీపమే మేలు.

హాయి నీయని రక్షకులు

ప్రాణమును నిజముగా కాపాడు ఏర్పాట్లు తరచు హాయి నిచ్చునవి కావు. 1959లో వోల్వో సంస్థ ఇంజనీరు నిల్స్ బోలిన్ రూపొందించిన మూడు బిందువుల సీటు బెల్టు కొంత బిగువుగానే ఉండును. 2019 జూలై నుండి తయారగు కార్లలో బెల్టు పెట్టనిచో మ్రోగు గంట, 80 కిలోమీటర్లు దాటినచో హెచ్చరించు గంట తప్పనిసరియైనవి. ఆ మ్రోత చెవికి ఇంపు కాదు. కాకుండుటయే దాని ప్రయోజనము. దానిని నోరుమూయించుటకు బెల్టు గూటిలో గ్రుచ్చు ఉత్త కొక్కెములు అమ్ముడుపోయినవి. వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023లో వాటిని ఆన్‌లైను అంగళ్ళ నుండి తొలగింపవలసినదని ఆజ్ఞాపించినది. 2022లో బెల్టు ధరింపక మరణించినవారు 16,715 మంది. ఎయిర్ బ్యాగు ఉన్నదిగదా అని బెల్టు మానుట అవివేకము. బెల్టు దేహమును తగిన దూరమున నిలిపియుంచునను లెక్కతోనే ఆ సంచి తయారుచేయబడినది. వెనుక సీటు వారికిని ఈ నియమము వర్తించును.

కన్నులున్న కార్లు

కెమెరా, రాడారులతో ముందు బండిని గుర్తించి బ్రేకు వేయు, గీతల మధ్య కారును నిలుపు కార్లు ఇపుడు మన ఊళ్ళకు వచ్చినవి. ఆపత్సమయమున తమంతట పడు బ్రేకులు డ్రైవరు కోల్పోయిన సెకనును తిరిగి ఈయగలవు. ఇది గొప్ప మేలు. కాని గీత చెరిగినచోట గీతను పట్టు కెమెరా ఏమి పట్టును? చీకటిలో దీపము లేని ఎడ్లబండిని, అడ్డముగా నిలిచిన ఏనుగును అది గుర్తించునను హామీ లేదు. అట్టి పరిమితులను చేతిపుస్తకములే చిన్న అక్షరములలో ఒప్పుకొని, బాధ్యత డ్రైవరుదే అని ముగించుచున్నవి. ప్రకటనలో పెద్ద అక్షరములతో చెప్పినదానిని పుస్తకములో చిన్న అక్షరములతో వెనుకకు తీసికొనుట న్యాయము కాదు.

ఏమి కావలెను?

సౌకర్యములను నిందించుట మన ఉద్దేశము కాదు. అలసిన డ్రైవరు కంటె హాయిగా ఉన్న డ్రైవరు మేలు. సౌకర్యము డ్రైవరుకు కొంత శ్రద్ధను మిగుల్చును; మిగిలినది రోడ్డుకు పోయినచో భద్రత, పాటకో ఫోనుకో పోయినచో ప్రమాదము. ఈ తేడా యంత్రములో లేదు. దానిని వాడు పద్ధతిలో ఉన్నది. పద్ధతిని నేర్పువారే కరవైనారు.

కావున మూడు కోరికలు. విక్రేతలు హాయి నిచ్చు వాటిని, ప్రాణము కాచు వాటిని రెండు వేరు పట్టికలుగా చూపవలెను. చేతిపుస్తకములోని హెచ్చరికలు, కనీసము ఘాటు, మంచు, బెల్టు, బ్రేకులకు సంబంధించినవి, కారుతో పాటు తెలుగులో ఈయవలెను. లక్షలు పెట్టి కొన్న యంత్రమును తన భాషలో తెలిసికొనుట కొన్నవాని హక్కు. డ్రైవింగు నేర్పువారు క్లచ్చి, స్టీరింగులతో ఆగక ఈ క్రొత్త ఏర్పాట్ల హద్దులను కూడ బోధింపవలెను.

పాఠకులు చేయవలసినది తేలిక. బండి కదలక ముందే పటము, పాట, గాలి సరిచూచుకొని, అందరును బెల్టులు పెట్టుకొనవలెను. దారిలో మార్పు కావలసినచో ప్రక్కవారికి చెప్పవలెను. ఒంటరిగా ఉన్నచో రోడ్డు దిగి ఆపవలెను. మదనపల్లె నుండి కుప్పము చేరులోపల ఇట్లు రెండుసార్లు ఆగినను పోవునది అయిదు నిమిషములు. సెకనుకు 22 మీటర్ల చొప్పున పోవు బండిలో చూడని రెండు సెకనులకు వెల కట్టుట మాత్రము ఎవరి తరము కాదు.