సంవాదమును గ్రంథచౌర్యమును

పూర్వుల ననుసరించుట దోషము కాదు. అనుసరించిన సంగతిని దాఁచుట దోషము. ఈ వివేకము మన యాలంకారికులకుఁ గ్రొత్త గాదు. తొమ్మిదవ శతాబ్దమునఁ గాశ్మీరమున వెలసిన యానందవర్ధనుఁడు ధ్వన్యాలోకము నాలవ యుద్ద్యోతమునఁ గావ్యముల నడిమి పోలికను సంవాద మని పేర్కొని, ప్రతిబింబమువంటిది, చిత్తరువువంటిది, ఇరువురు మనుష్యుల పోలికవంటిది యని మూఁడు తెఱఁగులుగా విభజించెను. మొదటిదానికి స్వీయమైన యాత్మ లేదు. రెండవదాని యాత్మ తుచ్ఛము. మూఁడవది ప్రత్యేకజీవము గలది గావునఁ గవికి గ్రాహ్యము.

నేఁడు విశ్వవిద్యాలయములలో నీ విచారము లెక్కలకు లోఁబడినది. యు.జి.సి. వారి 2018వ సంవత్సరపు నిబంధనలను బట్టి పరిశోధనగ్రంథమునఁ బోలిక నూటికి 10 వఱకు నున్నచో దండన లేదు. 40 వఱకైనచో నాఱునెలలలోపల దిద్ది మరల సమర్పింపవలెను. 60 వఱకైనచో నొక సంవత్సరము సమర్పణనిషేధము. అంతకు మించెనేని నమోదు రద్దగును. అన్యుల భావమును దనదిగాఁ జూపుటయుఁ జౌర్యమే యని నిర్వచించిన యా నిబంధనలే దండనమును మాత్రము పోలికయొక్క పాలునుబట్టి విధించుచున్నవి. మాటలు మార్చినవాఁడు తప్పించుకొనును. అది చిత్తరువు, యంత్రము ప్రతిబింబమునే పట్టును.

దీనివలన హాని యేమని యడుగువారికిఁ గొల్లేరే యుత్తరము. పది యడుగుల యెత్తు రేఖవఱకు సరస్సు విస్తీర్ణము 901 చదరపు కిలోమీటర్లు. 2002లో రాంసర్ జాబితాకెక్కినది యింతయు. ఐదడుగుల రేఖవఱకు 1999లో నభయారణ్యముగాఁ బ్రకటింపఁబడినది సుమారు 308. ఏలూరిలోనో తాడేపల్లిగూడెములోనో చదువు విద్యార్థి యొకఁడు ఏ రేఖయో, ఎవరి కొలతయో చెప్పక యొక యంకెను దన వాక్యమునఁ బొదిగెననుకొందము. యంత్రమున కది నిర్దోషము. కాని 2006లో నభయారణ్యములోని చేఁపల చెరువుల గట్లు తెగఁగొట్టఁబడినది యా రేఖనుబట్టియే. పక్షుల రక్షణమును, లంకగ్రామములవారి జీవనమును నీ రేఖమీఁదనే యాధారపడి యున్నవి. మూలము చెప్పని యంకెను బరీక్షించుట కెవ్వరికిని దారి లేదు; ఒకనినుండి యొకఁడు గ్రహింపఁగాఁ దప్పే ప్రమాణ మగును.

తప్పంతయు విద్యార్థిదే యనుట న్యాయము గాదు. చిన్ననాఁటినుండి చెప్పినది చెప్పినట్లు వ్రాసినవానికే మార్కులిచ్చి, పట్టపరీక్షనాఁడు స్వతంత్రత యేదని గద్దించుట తగదు. మూలమును బేర్కొను పద్ధతిని నేర్పుట విద్యాసంస్థల ధర్మమని యా నిబంధనలే చెప్పుచున్నవి.

పూర్వుని యంకెను గైకొని, యతనిఁ బేర్కొని, ఏ రేఖవఱకు నని విచారించి, పడవ యెక్కి తాను జూచినదానితోఁ బోల్చి వ్రాసినవాని గ్రంథమునఁ బోలిక యుండవచ్చును, చౌర్య ముండదు. ఆనందవర్ధనుఁ డంగీకరించిన మూఁడవ సంవాద మిదియే. పరీక్షకులు పోలిక యెంత యని యడుగుటకు ముందు, ఇందు జీవ మున్నదా యని యడుగవలెను.