ఎనిమిది మీటల పెట్టె

టీవీ కింద పెట్టిన ఆ ప్లాస్టిక్ డబ్బా సెకనుకు 50 సార్లు ఒకటే మాట అడుగుతుంది: ఏ మీట నొక్కారు? జవాబు చెప్పాల్సింది కంట్రోలర్. ఆ కంట్రోలర్ ఎవరు చేశారో, ఏ కంపెనీదో డబ్బాకి అక్కర్లేదు. అడిగిన వరసలో, అడిగిన వేగంతో చెబితే చాలు. పోయిన ఏడాది నా సాయంత్రాల్లో చాలాభాగం ఈ ఒక్క ప్రశ్నకి జవాబు చెప్పే పెట్టెలు కట్టడంలో గడిచాయి.

తొంభైల్లో పిల్లలుగా ఉన్నవాళ్లకి ఆ డబ్బా బాగా తెలుసు. ఊళ్లో దాని పేరు వీడియో గేమ్, అంతే. అందులో గుచ్చే ఆట బిళ్లని కేసెట్ అనేవాళ్లం. జపాన్‌లో నింటెండో కంపెనీ 1983 జులైలో ఫ్యామికామ్ పేరుతో తెచ్చిన యంత్రానికి అది నకలు అని నాకు చాలా ఏళ్లకి గానీ తెలియలేదు. అలాంటి నకళ్లు రష్యాలో డెండీ పేరుతో ఇంటింటికీ చేరాయి. మన దగ్గర ఏవేవో పేర్లతో వచ్చాయి. అసలు యంత్రంలో విడివిడిగా ఉండే ఐసీలని తర్వాతి నకళ్లలో ఒకే ముక్కలోకి కుదించి, దానిమీద లక్క పోసినట్టు నల్లటి ఎపాక్సీ బొట్టు పెట్టేశారు. మూత విప్పి చూస్తే ఆ బొట్టు తప్ప పెద్దగా ఏమీ కనిపించదు.

తెనాలిలో మా పెదనాన్నగారింట్లో నా వేసవి సెలవులన్నీ దాని ముందే గడిచాయి. అన్నయ్య ఆడేవాడు, నేను నా వంతు కోసం పక్కన కూర్చునేవాణ్ని. మూడేళ్ల కిందట అన్నయ్యకి పక్షవాతం వచ్చింది. మాట తిరిగొచ్చింది, నడక చాలావరకు కుదుటపడింది, కుడి చెయ్యి మాత్రం స్వాధీనంలోకి రాలేదు. నిరుడు ఉగాదికి వెళ్లినప్పుడు అటక సర్దుతూ వదిన ఆ డబ్బాని దించింది. అన్నయ్య కంట్రోలర్‌ని ఎడమ చేత్తో అందుకుని కాసేపు అటూ ఇటూ తిప్పి చూశాడు. ఎడమ బొటనవేలు దిక్కుల మీట మీద సరిగ్గా కూర్చుంది. రెండో చెయ్యి రాలేదు.

"నువ్వు ఆడరా, నేను చూస్తా" అన్నాడు.

ఆ మాట చిన్నప్పుడు నేను అనేవాణ్ని. డబ్బాని నాతోపాటు హైదరాబాద్ తెచ్చేసుకున్నాను.

పాత ఆట యంత్రాలకి కొత్త సరంజామా చేసుకునే అలవాటు ప్రపంచమంతా ఉంది. చెయ్యి తిరిగినవాళ్లు జాయ్‌స్టిక్‌లు, అడాప్టర్లు, కేసెట్ బోర్డులు, డబ్బాలకి కొత్త తొడుగులు అన్నీ ఇంట్లోనే చేసుకుంటారు. ఆ పని ఇంట్లో సాధ్యపడటానికి కారణం ఆ యంత్రాల లోపలే ఉంది. అమెరికాలో అమ్మిన తన యంత్రంలో కేసెట్ అసలుదో కాదో పరీక్షించే తాళం ఐసీని పెట్టిన నింటెండో, కంట్రోలర్ విషయంలో అలాంటి తాళమేదీ పెట్టలేదు. 1977 నాటి అటారీ అయితే ఇంకా సూటిగా ఉంటుంది. నాలుగు దిక్కులకి నాలుగు తీగలు, కాల్చే మీటకి ఒకటి, అన్నిటికీ కలిపి ఒక ఎర్తు. మీట నొక్కితే ఆ తీగ ఎర్తుకి తగులుతుంది, జాయ్‌స్టిక్‌లో ఇంకేమీ లేదు.

నింటెండో వాళ్లకి ఎనిమిది మీటలు కావలసివచ్చాయి. మీటకో తీగ వేస్తే తాడు లావెక్కిపోతుంది. అందుకని 4021 అనే చిన్న ఐసీని కంట్రోలర్‌లో పెట్టి ఐదు తీగలతో సరిపెట్టారు. రెండు తీగలు కరెంటుకి, మిగతా మూడు లాచ్, క్లాక్, డేటా. లాచ్ తీగ మీద ఒక పల్స్ రాగానే ఆ ఐసీ ఎనిమిది మీటల స్థితిని ఫొటో తీసినట్టు ఒక్కసారిగా పట్టేస్తుంది. ఆ తర్వాత క్లాక్ తీగ మీద తట్టు పడ్డకొద్దీ ఒక్కో మీట సంగతి డేటా తీగ మీదికి వదులుతుంది. వరస ఎప్పుడూ ఒకటే: ఏ, బీ, సెలెక్ట్, స్టార్ట్, పైకి, కిందికి, ఎడమ, కుడి. అష్టావధానంలో ఎనిమిదిమంది పృచ్ఛకులు ఉంటారు, అవధాని ఒక్కడే. ఇక్కడ పృచ్ఛకుడు ఒక్కడు, చెప్పాల్సినవి ఎనిమిది. విన్నదంతా చివర్లో వరస తప్పకుండా అప్పజెప్పే ధారణ మాత్రం రెండు చోట్లా ఉంది. అవధానాల్లో ఆ ధారణ ఘట్టం మీద నాకున్న ఇష్టమే ఈ ఐసీ మీదా కలిగింది.

మన నకలు డబ్బాకి తొమ్మిది పిన్నుల సాకెట్ ఉంది. అటారీకీ, సెగా యంత్రాలకీ అదే ఆకారం. లోపలి వైరింగు మాత్రం దేనిది దానిదే, ఆకారం కుదిరిందని గుచ్చితే షార్టయ్యే ప్రమాదం ఉంది. నకళ్లలోనూ అందరూ ఒకే పద్ధతి పాటించలేదు. కాబట్టి మొదటి రెండు వారాలు సోల్డరింగ్ ఐరన్ ముట్టుకోకుండా మల్టీమీటర్‌తోనే గడిపాను. ఏ పిన్ను మీద ఐదు వోల్టులు ఉన్నాయి, ఏ పిన్ను ఎర్తుతో కలిస్తే బీప్ మోగుతోంది అని ఒక్కోటీ కాగితం మీద రాసుకుంటూ పోయాను. లాచ్ ఏదో క్లాక్ ఏదో తేల్చడానికి మాత్రం మీటర్ చాలదు. చవగ్గా దొరికే చిన్న లాజిక్ అనలైజర్‌ని లాప్‌టాప్‌కి తగిలించాను. తెర మీద గీతలు కదిలాయి. ఒక తీగ మీద ఒక్క గట్టు, దాని వెనకే ఇంకో తీగ మీద ఎనిమిది సన్నటి తట్లు. 20 మిల్లీసెకన్ల నిశ్శబ్దం. మళ్లీ అదే. జపాన్, అమెరికా యంత్రాలు సెకనుకు 60 ఫ్రేముల చొప్పున నడుస్తాయి. మన టీవీల పాల్ పద్ధతిది 50, అందుకే ఆ 20 మిల్లీసెకన్లు. ముప్పై ఏళ్లనాడు మేం ఆడిన ప్రతి ఆటలోనూ ఈ ప్రశ్న ఇలాగే నడిచి ఉంటుంది. దాన్ని కళ్లతో చూసిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

సామాను కోసం కోఠీలో గుజరాతీ గల్లీకి వెళ్లాను. 4021 ఐసీలు, వాటికి బేసులు, పది కిలో ఓముల రెసిస్టర్లు, జీరో బోర్డు, 60/40 లెడ్డు చుట్ట, ఫ్లక్స్. ఐసీని నేరుగా అతకకుండా బేసులో గుచ్చుకోవడం నాలాంటి కొత్తవాళ్లకి మంచి పద్ధతి. పొరపాటు జరిగితే ఐసీ ఒక్కటి మార్చుకుంటే సరిపోతుంది.

మొదటి బోర్డు తగిలించి ఆట పెట్టగానే బొమ్మ తనంతట తాను గెంతడం మొదలుపెట్టింది. చెయ్యి బోర్డు దగ్గరికి తెస్తే కుడికి పరుగెత్తుతుంది, దూరం జరిపితే ఆగిపోతుంది. రెండు రోజులు వెతికాక తప్పు దొరికింది. నొక్కని మీట దేనికీ తగలకుండా గాల్లో ఉంటుంది. ఈ తరహా ఐసీ కాలు గాల్లో ఉంటే చుట్టుపక్కల తిరిగే విద్యుత్తునంతా, మన ఒంట్లోదాన్ని సహా, పట్టేసుకుంటుంది. అందుకే ప్రతి మీట కాలుని ఒక రెసిస్టర్‌తో ఐదు వోల్టులకి కట్టి ఉంచాలి. దాన్ని పులప్ అంటారు. మీట నొక్కితే ఎర్తుకి దిగుతుంది, వదిలితే మళ్లీ పైకి పోతుంది. నేను కొని తెచ్చిన రెసిస్టర్లు కవరులోంచి తియ్యనేలేదు. వాటితోపాటు ఐసీ కరెంటు కాళ్ల మధ్య ఒక 104 కండెన్సర్ కూడా వేశాను. 104 అంటే 0.1 మైక్రోఫారడ్. తాడు పొడుగైనప్పుడు కరెంటులో వచ్చే చిన్న చిన్న తడబాట్లని అది మింగేస్తుంది. బియ్యపు గింజంత వస్తువు, అది లేని బోర్డుని నేనిప్పుడు నమ్మను.

రెండో బోర్డు రాగి పూతున్న పలక మీద చేశాను. డిజైన్ గియ్యడానికి కీక్యాడ్ వాడాను. 1992లో ఫ్రాన్స్‌లో జాన్-పియర్ షరాస్ మొదలుపెట్టిన ఈ సాఫ్ట్‌వేర్ ఇవాళ్టికీ ఉచితమే. గీసినదాన్ని నున్నటి కాగితం మీద లేజర్ ప్రింటు తీసి, రాగి మీద బోర్లించి ఇస్త్రీ పెట్టెతో అదిమితే టోనర్ అంటుకుంటుంది. కాగితాన్ని నీళ్లలో నానబెట్టి ఒలిచేశాక పలకని ఫెర్రిక్ క్లోరైడ్‌లో ముంచాలి. నల్లగీత ఉన్నచోట రాగి నిలుస్తుంది, మిగతాది కరిగిపోతుంది. ప్లాస్టిక్ టబ్బునే వాడాలి, చేతికి గ్లోవ్స్ ఉండాలి, వాడిన ద్రావణాన్ని సింకులో పొయ్యకూడదు. ఆ తుప్పు రంగు మరక బట్టకైనా గచ్చుకైనా పడితే పోదు. ఫ్యాక్టరీకి పంపితే ఇంతకన్నా చక్కటి బోర్డులు వస్తాయి, తర్వాత నేనూ పంపాను. అయినా ఒక్కసారైనా చేత్తో చెయ్యమనే నా సలహా. గీతకీ గీతకీ మధ్య ఎంత ఎడం ఉండాలన్నది పలక పాడైనప్పుడు తెలిసినంత బాగా ఇంకెలాగూ తెలియదు.

అసలు డిజైన్ ఏమిటన్నది అప్పటికీ తేలలేదు. ఎడమ చేతికి పెద్ద కంట్రోలర్ చేద్దామనుకున్నాను. ఒకే చేతిలో దిక్కులూ గెంతూ పరుగూ అన్నీ ఇరికిస్తే వేళ్లు పట్టేస్తున్నాయి. నేనే ఒక గంట ఆడి చూసి ఆ ఆలోచన మానుకున్నాను. దారి పాత వస్తువుల్లో దొరికింది. 1989లో నింటెండో అమెరికాలో హ్యాండ్స్ ఫ్రీ అనే కంట్రోలర్ తెచ్చింది. పట్టీలతో ఛాతీకి కట్టుకునే పెట్టె, నోటితోనో గడ్డంతోనో కదిపే కర్ర, ఊదుతూ పీలుస్తూ ఏ, బీ మీటలు పనిచేయించే గొట్టం. చేతులు ఆడని పిల్లల కోసం చేశారు దాన్ని. 2018లో మైక్రోసాఫ్ట్ తెచ్చిన ఎక్స్‌బాక్స్ అడాప్టివ్ కంట్రోలర్ ఇంకో మెట్టు ఎక్కింది. దాని వెనక వరసగా 3.5 ఎంఎం జాక్‌లుంటాయి, ఒక్కో మీటకీ ఒక్కోటి. పాత ఇయర్‌ఫోన్లు గుచ్చే జాక్ అదే. వికలాంగుల కోసం తయారయ్యే ప్రత్యేక స్విచ్‌లు చాలావాటికి ముందునుంచీ ఆ ప్లగ్గే ఉంది. కాబట్టి ఎవరికి ఏది వీలైతే అది తగిలించుకోవచ్చు.

మన 4021కి అది ఇంకా తేలిక. ప్రతి మీటా ఒక కాలుని ఎర్తుకి తగిలించడమే కదా. అదే రెండు తీగల్ని ఒక జాక్‌కి కూడా తీసుకెళ్తే ఆ జాక్‌లో ఏ స్విచ్ గుచ్చినా పనిచేస్తుంది. అలా ఎనిమిది మీటలకీ ఎనిమిది రంధ్రాలున్న చెక్కపెట్టె తయారైంది. ఎడమ చేతి కింద దిక్కుల మీటలు, పైన ఎనిమిది జాక్‌లు. మీటలుగా ఆర్కేడ్ యంత్రాల్లో వాడే 30 ఎంఎం బటన్లు వేశాను. అరచేతితో కొట్టినా పలుకుతాయి. లోహపు మొనలు తగిలేటప్పుడు కొన్ని మిల్లీసెకన్లు అదురుతాయి, చాలా పరికరాల్లో దానికోసం వేరే ఏర్పాటు కావాలి. ఈ డబ్బా సాధారణంగా 20 మిల్లీసెకన్లకి ఒకసారే అడుగుతుంది కాబట్టి ఆ అదురు ఆటకి అడ్డురాలేదు.

గెంతు మీటకి కాలి పెడలు చేశాను. రెండు టేకు చెక్కలు, మధ్య ఒక బందు, మడమ వైపు ఒక స్ప్రింగు, కింద మైక్రోస్విచ్. కష్టమంతా స్ప్రింగు దగ్గరే వచ్చింది. బిగువైతే కాలు పది నిమిషాల్లో అలిసిపోతుంది, వదులైతే కాలు బరువుకే నొక్కుకుపోతుంది. దసరాకి తెనాలి వెళ్లి, అన్నయ్యని కుర్చీలో కూర్చోబెట్టి ఏడు స్ప్రింగులు మార్చి చూశాను. పరుగు మీటకి ఒకసారి నొక్కితే నిలిచిపోయే స్విచ్ పెట్టాను, పట్టుకుని ఉండే పని తప్పుతుందని.

"తుపాకీ కూడా బాగుచెయ్యరా" అన్నాడు ఆ రోజే. బాతుల్ని కాల్చే ఆటకి వాడే ఆ ప్లాస్టిక్ తుపాకీ అటక మీద భద్రంగానే ఉంది. అది మాత్రం నా చేతిలో లేదు. ట్రిగ్గర్ నొక్కగానే ఆట తెరని ఒక్క క్షణం నల్లగా చేసి, బాతు ఉన్నచోట తెల్లటి గడి వేస్తుంది. తుపాకీ గొట్టంలోని ఫొటో సెన్సర్‌కి ఆ తెలుపు కనిపిస్తే గురి తగిలినట్టు లెక్క. ఆ సెన్సర్ వెతికేది పాత గాజు టీవీలో ఎలక్ట్రాన్ కిరణం సెకనుకు 15 వేలకు పైగా గీతలు గీస్తూ పుట్టించే అదురు వెలుగుని. ఎల్‌సీడీ తెరలో ఆ కిరణమే లేదు. పైగా బొమ్మ కాస్త ఆలస్యంగా వస్తుంది, అప్పటికి ఆట చూడటం మానేసి ఉంటుంది. పాత టీవీని ఏనాడో పాత సామాన్ల బండికి ఇచ్చేశారు. గాజు టీవీ ఇంట్లో ఉన్నవాళ్లకి ఒకటే మనవి, పారేయకండి. తుపాకీని మళ్లీ చెయ్యగలం, ఆ గాజు బుడ్డిని ఎవరూ ఇంట్లో ఊదలేరు.

సంక్రాంతికి పెట్టె పట్టుకెళ్లాను. అన్నయ్య మొదటి అంకం దాటడానికి నలభై నిమిషాలు పట్టింది. కాలికీ చేతికీ పొత్తు కుదరడానికి టైము కావాలి. రెండో రోజుకి గోతుల మీంచి దూకుతున్నాడు. ఎత్తైన గోడల దగ్గర మాత్రం కాలు వెనకబడుతోంది. తొమ్మిదేళ్ల కూతురు పక్కన కూర్చుని అంతా చూస్తోంది.

"బాబాయ్, ఆ పెడల్ తీసేసి నా బటన్ అందులో పెట్టొచ్చా?" అంది.

ఆ రంధ్రాల్లో స్విచ్‌లు గుచ్చేది ఒక్కరే అనుకున్నాను తప్ప, ఒక కంట్రోలర్‌ని ఇద్దరు పంచుకోవచ్చని నాకు తట్టనే లేదు. పెడలు ప్లగ్గు తీసి, మూడు మీటర్ల తీగ ఉన్న ఎర్ర బటన్ గుచ్చి దాని ఒళ్లో పెట్టాను. నడక నాన్నది, గెంతు కూతురిది. మొదటి నాలుగుసార్లూ గోతిలో పడ్డారు.

"ఆగవే, ఆగు... ఆగు... ఊఁ, ఇప్పుడు!"

వంటింట్లోంచి వదిన, ఏమైందోనని పరుగెత్తుకొచ్చింది.