ఐదు ఇళ్ల పట్టిక

పన్ను కోసం ఇంటికి కట్టిన విలువ మీద పద్ధతిగా తయారుచేసిన ప్రొటెస్ట్‌కి గుండెకాయ ఒక్క కాగితం. దాని మీద ఆరు నిలువు గడులుంటాయి. మొదటిది మన ఇల్లు, తక్కినవి ఐదు పొరుగిళ్లు. పైనుంచి కిందికి స్థలం విలువ, కట్టిన ఏడాది, చదరపు అడుగులు, నిర్మాణ తరగతి, స్విమ్మింగ్ పూల్. అట్టడుగున సవరించిన విలువ. డాలస్ పరిసరాల్లో, ఫ్రిస్కో, ప్లేనో, ఇర్వింగ్ లాంటి చోట్ల ఇళ్లున్న తెలుగువాళ్లు ఏప్రిల్‌లో ఇంటి విలువ నోటీసు రాగానే "ప్రొటెస్ట్ వేశారా?" అని ఒకరినొకరు అడుగుతుంటారు. వేయడం తేలికే, ఆన్‌లైన్‌లో కాసేపట్లో అయిపోతుంది. పనితనమంతా ఈ పట్టికలో ఉంది.

టెక్సస్‌లో జీతం మీద రాష్ట్ర పన్ను లేదు. బడులకూ కౌంటీలకూ నగరాలకూ కావలసిన డబ్బులో పెద్ద వాటా ఇళ్ల మీద, స్థలాల మీద పన్నుగా వస్తుంది. చాలా ఊళ్లలో అది ఏటా ఇంటి విలువలో రెండు శాతానికి అటూ ఇటూ. విలువ కట్టేది కౌంటీ అప్రైజల్ డిస్ట్రిక్ట్. లక్షల ఇళ్లకు ఒకేసారి మదింపు చేయాలి కాబట్టి ఎవరూ మన ఇంట్లోకి వచ్చి చూడరు. కొలతలు, వయసు, తరగతి, ఆ చుట్టుపక్కల అమ్మకాలు చూసి ఒక లెక్క కడతారు. అంత పెద్ద లెక్క చాలా ఇళ్లకు సరిపోవడమే గొప్ప. సరిపోని ఇంటికి దాన్ని సరిచేయడమే ప్రొటెస్ట్.

అర్జీలో రెండు గడులకు టిక్ పెట్టాలి: మార్కెట్ విలువకు మించి కట్టారని ఒకటి, ఇతర ఇళ్లతో సమానంగా కట్టలేదని రెండోది. ఈ రెండోదే పన్ను చట్టంలో నాకు బాగా నచ్చిన భాగం. మన ఇల్లు ఎంతకు అమ్ముడుపోతుందో ఇక్కడ రుజువు చేయక్కర్లేదు. పోల్చదగిన ఇళ్లను తగినన్ని తీసుకుని, తేడాలను సవరించి, వాటి మధ్యగతం మన అంకె కన్నా తక్కువని చూపితే చాలు. టెక్సస్‌లో అమ్మకం ధర బయటపెట్టాలన్న నియమం లేదు, కాబట్టి మామూలు మనిషికి ధరలు దొరకడం కష్టం. కానీ డిస్ట్రిక్ట్ ప్రతి ఇంటికీ కట్టిన విలువ మాత్రం బహిరంగమే. వాళ్ల అంకెలతోనే వాళ్లతో వాదించవచ్చు.

ఇక సవరణ. మన ఇల్లు 3,000 చదరపు అడుగులు, పూల్ లేదు, స్థలం విలువ 1,22,000 డాలర్లు, మొత్తం 6,20,000 కట్టారనుకుందాం. అదే వీధిలో ఒక ఇంటికి 6,10,000 కట్టారు. పైపైన చూస్తే తేడా పెద్దగా లేదు. కానీ ఆ ఇంటికి పూల్ ఉంది, దాని విలువ 25,000, అది తీసేయాలి. ఇల్లు 120 అడుగులు పెద్దది. అడుగుకు 75 చొప్పున 9,000 తీసేయాలి. స్థలం విలువ మాత్రం 1,10,000. మనకన్నా తక్కువ గనక 12,000 కలపాలి. తేలింది 5,88,000. చేయి తిరగనివాళ్లు తడబడేది ఇక్కడే. సవరణ ఎప్పుడూ పొరుగింటిని మన ఇంటిలా మార్చడానికి. మన అంకెను ముట్టుకోకూడదు. అవతల ఎక్కువుంటే తీసేయడం, తక్కువుంటే కలపడం.

ఆ ఇంటి కట్టడం విలువ అడుగుకు 150 పైగా పడుతుంటే సవరణకు 75 ఏమిటి? ఇల్లు 120 అడుగులు పెరిగినంత మాత్రాన రెండో వంటగది రాదు, ఇంకో ఏసీ అక్కర్లేదు. పెరిగింది గోడ, కప్పు, నేల. అందుకే చివర కలిసే అడుగు ధర సగటు కన్నా బాగా తక్కువ. ఈ రేట్లు మన బుర్రలోంచి తీయకూడదు, డిస్ట్రిక్ట్ వాడేవే వాడాలి. ప్రొటెస్ట్ మీద జరిగే విచారణలో డిస్ట్రిక్ట్ చూపబోయే ఆధారాలను ముందే ఇమ్మని అడిగే హక్కు మనకుంది. అడిగినా విచారణకు 14 రోజుల ముందు అందుబాటులో పెట్టని కాగితాన్ని వాళ్లు విచారణలో వాడుకోలేరు.

ఐదిళ్లూ ఇలా సవరిస్తే 5,72,000, 5,81,000, 5,88,000, 5,94,000, 6,31,000 వచ్చాయనుకుందాం. సగటు తీస్తే 5,93,200. మధ్యగతం 5,88,000. చివరి ఇల్లు ఎనిమిది లక్షలైనా మధ్యది కదలదు. చట్టం చెప్పిన ఈ కొలతను ఒక్క వింత ఇల్లు ఈడ్చుకుపోలేదు. నేర్పున్నవాళ్లు ఆ 6,31,000 ఇంటిని దాచరు. అది మన పక్కిల్లే అయితే, దాన్ని ఎందుకు వదిలేశారని విచారణలో రివ్యూ బోర్డు సభ్యులు అడగడం ఖాయం.

పట్టికకు అందనివి ఫొటోలు చెబుతాయి. డాలస్ పరిసరాల నేల మన రేగడి జాతిదే: తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే బీటలిస్తుంది, పునాదిని కదిలిస్తుంది. పగుళ్ల ఫొటోతోపాటు మరమ్మతుకు ఎంతవుతుందో కాంట్రాక్టర్ రాసిచ్చిన కాగితం జతచేయాలి. విలువ జనవరి 1 నాటిది. ఏప్రిల్ వడగళ్లకు విరిగిన కప్పు ఈ ఏడాది లెక్కలోకి రాదు.

కాగితం తయారు చేసే ముందే చూసుకోవలసింది ఒకటుంది. యజమానే ఉంటున్న ఇంటికి హోమ్‌స్టెడ్ ఎగ్జంప్షన్ ఉంటే, కొత్త కట్టడాల మాట అలా ఉంచితే, పన్ను వేసే విలువ ఏడాదికి పది శాతం మించి పెరగదు. మార్కెట్ విలువ 6,20,000 అయినా పన్ను 5,40,000 మీదే పడుతుంటే, 5,88,000కి దించినా ఈ ఏడు ఒక్క డాలరూ మిగలదు. కొత్తగా కొన్నవాళ్లకు మొదట్లో ఆ అడ్డుకట్ట ఉండదు కనక వాళ్లకే ఈ పట్టిక అవసరం ఎక్కువ.

విచారణ చేసే రివ్యూ బోర్డు సభ్యులు డిస్ట్రిక్ట్ ఉద్యోగులు కారు. విలువ సరైనదని రుజువు చేసే భారం డిస్ట్రిక్ట్‌దే. పన్ను భరించలేమన్న మాట అక్కడ పనికిరాదు, పన్ను రేటు వాళ్ల చేతిలో లేదు. చాలా కేసులు అంతదాకా పోవు. ముందే అప్రైజర్ ఫోన్‌లోనో ఆన్‌లైన్‌లోనో ఒక అంకె చెబుతారు. ఒప్పుకుని సంతకం పెడితే ఆ ఏడాదికి అదే ఖాయం. 6,05,000 అంటే ఆగొచ్చు. 5,90,000 అంటే మధ్యగతానికి రెండు వేలే ఎక్కువ, పన్నులో నలభై డాలర్లు. సంతకం పెట్టేయొచ్చు.